రెండో మెట్టు దగ్గర ఆగిపోయే పిల్లలు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను విద్య గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. విద్య గొప్పది, చదువుకోండి అని చెప్పి దిగిపోతే అందరికీ సులువే. ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు ఆ మాట చెప్పనే చెబుతారు, మనం చప్పట్లు కొట్టనే కొడతాం. కనుక ఈసారి ఒక్క సబ్జెక్టు గురించి, అందులోనూ ఒక్క పేపరు గురించి మాట్లాడుతాను. ఇంజనీరింగ్ మొదటి సెమిస్టర్‌లో జె.ఎన్.టి.యు. వారు పెట్టిన పేపరు ఒకటున్నది, దాని పేరే మాత్రికలు, కలన గణితం. పిల్లలు ఎం-వన్ అంటారు. బి.ఎస్సీ.లో చేరినవారికి ఇదే సరుకు కొంత మొదటి సంవత్సరంలో, కొంత మూడో సంవత్సరంలో వస్తుంది. మన పిల్లల చదువు ఎక్కడ ఆగుతున్నదని లెక్క చూసుకుంటే, నాకు తెలిసినంతలో ఎక్కువమంది ఈ పేపరు దగ్గరనే ఆగుతున్నారు.

ఎందుకిది చెబుతున్నానో కూడా దాచను. పోయిన నెలలో మన సొసైటీ సహాయంతో చదువుతున్న ఒక అమ్మాయి తండ్రి ఫోన్ చేసినాడు. "సార్, పిల్లకు ఎం-వన్ పోయింది. రెండోసారి రాసినా పోయింది. కమిటీ వాళ్లు పాసైతేనే డబ్బులు అంటున్నరు. ఇంట్లో సంబంధం మాట వచ్చింది. లెక్కలు దాని తలకు ఎక్కుతలేవు, చాలిద్దామా?" అన్నాడు. నేను ఆయనకు వెంటనే జవాబు చెప్పలేదు. ఈరోజు అందరి ముందర చెబుదామని వచ్చినాను.

పిల్లకు లెక్కలు రావన్న మాట నేను ఒప్పుకోను. ఇంటర్‌లో ఆ పిల్లకు మంచి మార్కులే వచ్చినవి. మరి ఏమైంది? ఇంటర్ దాకా మనం ఒక్క చలరాశితో లెక్క చేస్తాం. ఒక గీత మీద నడిచినట్టు, ముందుకో వెనక్కో. యూనివర్సిటీలో అడుగు పెట్టగానే గీత పోయి మైదానం వస్తుంది. ఎటు చూసినా దారే. ఎటు పోవాలో చెప్పేవారు లేకపోతే పిల్ల నిలబడిపోతుంది. పైగా పుస్తకం ఇంగ్లీషులో, పాఠం వేగంగా, తరగతిలో ఎంతోమంది. అడగాలంటే సిగ్గు. సిగ్గుకు బురఖా ఒకటి తోడు. నవ్వకండి, నేను చూసిన మాటే చెబుతున్నాను.

ఆ మైదానం ఏమిటో ఇక్కడున్న రైతులకే ముందు చెబుతాను, ఎందుకంటే మీకు అది తెలుసు. జూన్‌లో పసుపు పెడతారు. మధ్య సాళ్లలో మక్కజొన్న వేస్తారు. నీళ్లు, యూరియా, పొటాష్, విత్తనపు మండ, సాలుకు సాలుకు మధ్య ఎడం, ఇవన్నీ కలిస్తే జనవరి, ఫిబ్రవరిలో దిగుబడి. అనగా దిగుబడి ఒక్క నీటి మీద ఆధారపడలేదు, ఐదారింటి మీద ఆధారపడింది. ఇదే బహుచలరాశుల ప్రమేయం. మరి ఇన్నింటిలో పొటాష్ ఒక్కటే కొంచెం పెంచితే ఏమవుతుందని తెలుసుకోవాలంటే ఏం చేస్తారు? మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉంచి, ఒక మడిలో పొటాష్ మాత్రమే మారుస్తారు. కమ్మర్‌పల్లిలో మన పసుపు పరిశోధనా కేంద్రం ఉన్నది గదా, అటువంటి చోట మడులు వేరుచేసి పరీక్షించడంలోని ఆలోచన ఇదే. దీన్నే పుస్తకంలో వంకర డి రాసి పాక్షిక అవకలజం అంటారు. వంకర డి కనపడగానే భయపడే పిల్లలు, వాళ్ల తాతలు పొలంలో చేసిన పనినే చూసి భయపడుతున్నారన్నమాట.

ఇంకొక ఉదాహరణ మన గడప ముందరిదే. పోచంపాడు. 1963లో జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్. దాని పూర్తి నీటిమట్టం 1091 అడుగులు. ప్రాజెక్టు నిండినప్పుడు నీటి అంచు వెంబడి ఒక మనిషి నడుచుకుంటూ పోయినాడనుకోండి, గుట్టల సందుల్లోంచి, వంకరలు తిరుగుతూ ఎంత దూరం పోయినా అతని కాళ్ల కింద ఎత్తు 1091 అడుగులే. ఎండాకాలంలో నీరు కిందికి పోతే ఇంకొక అంచు, ఇంకా పోతే మరొక అంచు. సమోన్నత రేఖలని భూగోళంలో చదివినవే, లెక్కల్లో లెవెల్ కర్వులంటారు. ఆ అంచుకు నిట్టనిలువుగా, గట్టు పైకి ఏ దిక్కున ఎక్కితే అన్నిటికన్నా గట్టి ఎక్కుడు వస్తుందో, ఆ దిక్కు పేరు గ్రేడియంట్. పిల్లలు సూత్రం కంఠస్థం చేస్తారు, దిక్కు చూపించమంటే చూపించలేరు. ఆర్మూరు నవనాథ సిద్ధుల గుట్ట ఎక్కిన ప్రతివారి మోకాళ్లకూ గ్రేడియంట్ తెలుసు.

ఆ ప్రాజెక్టులో ఎన్ని నీళ్లు పడతాయి? మొదట 112 టి.ఎం.సి. అన్నారు. తర్వాత 90 అన్నారు. ఇప్పుడు పేపర్లో చూస్తే 1091 అడుగులకు 80.5 టి.ఎం.సి. అని వేస్తున్నారు. ఒక టి.ఎం.సి. అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. మట్టం అదే 1091, నీళ్లు మాత్రం తగ్గినవి. ఎక్కడికి పోయినవి? ఎక్కడికీ పోలేదు, గోదావరి తెచ్చిన ఒండ్రు అడుగున కూర్చున్నది. అడుగున కూర్చున్న ఒండ్రును ఎవరు కొలిచినారు? పడవల మీద పోయి చోటు చోటుకూ లోతు తీస్తారు. ఇక్కడ ఇంత లోతు, అక్కడ అంత లోతు. జాగాను చిన్న చిన్న గళ్లుగా కోసి, ఒక్కొక్క గడి వైశాల్యాన్ని దాని లోతుతో గుణించి, అన్నీ కలుపుతారు. గడి ఎంత చిన్నదైతే లెక్క అంత నిజానికి దగ్గర. ఇదే ద్విగుణ సమాకలనం. ఎం-వన్ చివరి యూనిట్. మన కాలువకు ఈ యాసంగిలో ఎన్ని తడులు ఇస్తారన్నది ఈ లెక్క మీదనే నిలిచి ఉన్నది. పరీక్షలో ఈ యూనిట్‌ను చాయిస్‌లో వదిలేయవచ్చునని పిల్లలకు చెప్పే సీనియర్లున్నారు. వదిలేయకండి.

ఇక రెండో సగం, మాత్రికలు. ఇంగ్లీషులో లినియర్ ఆల్జీబ్రా. ఈ ఆల్జీబ్రా అన్న మాట ఎవరిదో మన పిల్లలకు చెప్పకుండానే పెద్దవాళ్లను చేస్తున్నాం. ఖలీఫా మామూన్ కాలంలో, అనగా 813 నుండి 833 మధ్య, బాగ్దాద్‌లో ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ రాసిన పుస్తకం పేరులోని 'అల్ జబ్ర్' నుంచి వచ్చిన మాట అది. ఆయన పేరు లాటిన్‌లో చెడి అల్గారిథం అయింది. ఇంతవరకు చాలామందికి తెలుసు, ఇటువంటి సభల్లో చెప్పి ఛాతీ విరుచుకుంటాం కూడా. నేను చెప్పదలచింది దాని తర్వాతి సంగతి. ఆ పుస్తకంలో పెద్ద భాగం వీలునామాలు, మీరాస్ పంపకాల లెక్కలు. ఆయన ఆకాశంలో నక్షత్రాల కోసమే బీజగణితం రాయలేదు, ఇంటింటి తగవు తీర్చడానికి కూడా రాసినాడు.

ఒక లెక్క చేద్దాం. ఒకాయన ఎనిమిదెకరాలు వదిలి చనిపోయినాడు. అప్పులు లేవు, వసీయత్ లేదు, తల్లిదండ్రులు ముందే పోయినారు. భార్య, ఒక కొడుకు, ఇద్దరు బిడ్డలు ఉన్నారు. భార్యకు ఎనిమిదో వంతు, అంటే ఒక ఎకరం. మిగిలింది ఏడు. కొడుకు వాటా బిడ్డ వాటాకు రెండింతలు. బిడ్డ వాటా ఒకటనుకుంటే కొడుకుకు రెండు, ఇద్దరు బిడ్డలకు ఒకటీ ఒకటీ, మొత్తం నాలుగు వాటాలు. ఏడును నాలుగుతో భాగిస్తే ఒక్కొక్క బిడ్డకు ఎకరం ముప్పై గుంటలు, కొడుకుకు మూడెకరాల ఇరవై గుంటలు. ఇది రేఖీయ సమీకరణమే, నడివీధిలో కూర్చొని చేయవచ్చును. ఈ లెక్క రాకనో, వచ్చినా చేయకనో, ఎందరు ఆడబిడ్డలు సంతకం పెట్టి ఉత్తచేతులతో పోయినారో ఇక్కడి పెద్దలకు నాకన్నా బాగా తెలుసు. ఆ మాట ఇంతటితో ఆపుతాను, ఈరోజు సభ దానికి కాదు.

తెలియని రాశి ఒక్కటే ఉంటే ఇంత సులువు. రెండు, మూడు, మూడు వేలు ఉంటే? అప్పుడే మాత్రిక కావాలి. మళ్లీ పసుపుకే వస్తాను. నిజామాబాద్ యార్డుకు సరుకు పోయింది. మూడు బస్తాల కొమ్ము, రెండు బస్తాల మండ, మొత్తం 38 వేలు అని ఒక చిట్టీ వచ్చిందనుకోండి. కొమ్ము బస్తా ఎంత, మండ బస్తా ఎంత? చెప్పలేం. ఇంకో చిట్టీ కావాలి. రెండో చిట్టీలో ఆరు బస్తాల కొమ్ము, నాలుగు బస్తాల మండ, 76 వేలు అని ఉన్నది. ఇప్పుడు చెప్పగలమా? చాలామంది పిల్లలు చెప్పగలమంటారు, రెండు చిట్టీలు ఉన్నవి గదా అని. కానీ చెప్పలేం. రెండోది మొదటిదానికి రెండింతలు, అంతే. కొత్త సంగతి ఏమీ చెప్పలేదు. కాగితాలు రెండు, కబురు ఒక్కటే. దీన్నే మాత్రిక కోటి ఒకటి అంటారు, ఇంగ్లీషులో ర్యాంకు. నిర్ధారకం సున్న అవుతుంది. అదే రెండో చిట్టీలో రెండు బస్తాల కొమ్ము, మూడు బస్తాల మండ, 37 వేలు అని ఉంటే చిక్కు విడిపోతుంది. రెండూ కలిపితే ఐదు కొమ్ము, ఐదు మండ, 75 వేలు. అంటే ఒక కొమ్ము, ఒక మండ కలిసి 15 వేలు. రెండింటి తేడా తీస్తే కొమ్ము మండ కన్నా వెయ్యి ఎక్కువ. కొమ్ము 8 వేలు, మండ 7 వేలు. ధరలు నేను లెక్క కోసం వేసినవి, యార్డులో అడగకండి.

ఐగెన్ విలువలని ఇంకొకటి ఉన్నది, పిల్లలకు అది దయ్యం లాంటిది. ఇంటికి పోయి పాత సైకిల్ ట్యూబు ముక్క కోసి, దాని మీద అన్ని దిక్కులకూ పెన్నుతో గీతలు గీయండి. రెండు చివరలూ పట్టుకొని లాగండి. ఏటవాలు గీతలన్నీ దిక్కు మారి ఒరిగిపోతాయి. కానీ లాగిన దిక్కున ఉన్న గీత దిక్కు మారదు, పొడుగు మాత్రం అవుతుంది. దానికి అడ్డంగా ఉన్న గీత కూడా దిక్కు మారదు, పొట్టిది అవుతుంది. దిక్కు మారని ఆ రెండు గీతలు ఐగెన్ సదిశలు, ఎన్ని రెట్లు సాగింది లేక కుంచించుకున్నది అన్నది ఐగెన్ విలువ. 1998లో గూగుల్ పెట్టిన ఇద్దరు విద్యార్థులు ఏ పేజీని ముందు చూపాలని తేల్చుకోవడానికి వాడింది ఇటువంటి సదిశనే. ఇప్పుడు అందరూ కృత్రిమ మేధ అంటున్నారు గదా, దాని లోపల నడిచేది కూడా పెద్ద పెద్ద మాత్రికలు, ఇందాక చెప్పిన గ్రేడియంటూనే. పొగమంచులో గుట్ట దిగేవాడు కాలితో తడుముకుంటూ పల్లం ఎటుంటే అటు ఒక్కొక్క అడుగు వేసినట్టు, యంత్రం తన తప్పును తగ్గించుకుంటూ పోతుంది. కనుక మా వాడిని కంప్యూటర్ చదివిస్తాం, లెక్కలు వద్దు అనేవారికి నా మనవి: ఆ ఇంటికి వేరే తలుపు లేదు.

భాష సంగతి. ఇంగ్లీషు రాక ఆగిపోయినామని మన పిల్లలంటారు. సగం నిజం. కానీ ఈ లెక్కలు ఇంగ్లీషులోనే పుట్టలేదు, ఇంగ్లీషులోనే బతకనూ లేదు. ఢిల్లీ కాలేజీలో ఉర్దూలో సైన్సు బోధించిన మాస్టర్ రామచంద్ర అనే ఆయన, గరిష్ఠ కనిష్ఠ విలువల లెక్కలను కలన గణితం లేకుండా ఒట్టి బీజగణితంతో తేల్చే పద్ధతి రాసి 1850లో కలకత్తాలో అచ్చు వేయించినాడు. అక్కడ విమర్శలే ఎక్కువ వచ్చినవి. పుస్తకం లండన్‌లో డి మోర్గాన్ అనే పెద్ద గణితవేత్త చేతికి పోయింది, ఆయన ముచ్చటపడి 1859లో మళ్లీ అచ్చు వేయించినాడు. మన హైదరాబాద్‌లో 1917లో దారుల్ తర్జుమా పెట్టి, 1918లో ఉస్మానియా స్థాపించి, లెక్కలు, సైన్సు, వైద్యం ఉర్దూలో చెప్పినారు. అవకలనానికి తఫర్రుఖీ ఎహ్సా, సమాకలనానికి తక్మీలీ ఎహ్సా అని పేర్లు పెట్టుకున్నారు. అట్లా ఉస్మానియాలో చదివిన హైదరాబాదీ రజీయుద్దీన్ సిద్దీఖీ కేంబ్రిడ్జికి, అక్కడి నుంచి జర్మనీలో లైప్‌జిగ్‌కు పోయి, హైజెన్‌బర్గ్ దగ్గర పనిచేసి వచ్చినారు. ఉర్దూలో నేర్చినందున ఆయన ఎక్కడా వెనుకబడలేదు. తెలుగు వరకు వస్తే, 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది, డిగ్రీ లెక్కల పుస్తకాలు తెలుగులో వచ్చినవి. ఇప్పటికీ నేను పిల్లలకు ఇచ్చే సలహా ఇదే: సంగతి తెలుగు పుస్తకంలోనో, ఉర్దూలోనో, ఇంట్లో మాట్లాడే దక్కనీలోనో అర్థం చేసుకోండి, పరీక్ష ఇంగ్లీషులో రాయండి. మార్కులు వేసేవారికి మీ తలలో ఏ భాష తిరిగిందో కనపడదు.

తెలుగువాడు సి.ఆర్. రావు గారి సంగతి ఒక్క మాట. 1920లో పుట్టి 2023లో కన్నుమూసినారు. ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి, చదివిన వెంటనే ఉద్యోగం దొరకక, ఇంటర్వ్యూ కోసమని కలకత్తా పోయి, అక్కడి స్టాటిస్టికల్ ఇనిస్టిట్యూట్‌లో చేరినారు. 1945లో రాసిన ఒక్క వ్యాసంతో ప్రపంచమంతా పేరు. విలోమం లేని మాత్రికకు కూడా ఒక రకమైన విలోమం ఎట్లా పనికివస్తుందో చెప్పే పుస్తకం మిత్రా గారితో కలిసి 1971లో తెచ్చినారు. ఇందాకటి రెండు చిట్టీల చిక్కు గుర్తున్నదా? చిట్టీలు సరిపోనప్పుడు కూడా ఎంతవరకు చెప్పవచ్చునో తేల్చే విద్య అన్నమాట.

ఇక నా సంగతి. నేను చెప్పుకోదలచలేదు గానీ ఆ తండ్రికి జవాబు కోసం చెప్పాలి. డిగ్రీ మొదటి సంవత్సరంలో నేను లెక్కలు తప్పినాను. ఇంటికి వచ్చి చెబితే మా అబ్బా ఏమీ అనలేదు. పసుపు ఉడకబెట్టే రోజులవి. కడాయి ముందర కూర్చొని, "ఒక ఏడు దుంపకుళ్లు వచ్చి పంట పోతే, మరుసటి ఏడు పసుపు పెట్టడం మానేసినామా?" అన్నారు, అంతే. అప్పటికి మన ఊర్లో సొసైటీ లేదు, స్కాలర్‌షిప్ లేదు. ఫీజుకు ఆయన రెండు బస్తాలు ఎక్కువ అమ్మినారు. రెండోసారి రాసినప్పుడు ఒక సీనియర్ నా పక్కన కూర్చొని నెల రోజులు వరుసగా లెక్కలు చేయించినాడు. తర్వాత ముప్పై ఏండ్లు అదే సబ్జెక్టు చెప్పి బతికినాను.

కనుక కమిటీ పెద్దలకు నా విన్నపం. పాసైతేనే డబ్బులన్న నిబంధన మంచి ఉద్దేశంతోనే పెట్టినారు, ప్రజల చందా డబ్బు, జకాత్ డబ్బు, దానికి జవాబుదారీ ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ మొదటి సంవత్సరానికి మాత్రం దాన్ని సడలించండి. తప్పిన పేపరుకు మళ్లీ కట్టే పరీక్ష ఫీజు కూడా సొసైటీయే ఇవ్వాలి. ఇచ్చి ఊరుకోవద్దు, హాజరు చూడండి, నోటుబుక్కు తెమ్మని అడగండి. అబ్బాయి తప్పితే గల్ఫ్ వీసా, అమ్మాయి తప్పితే సంబంధం, ఇదీ ఇప్పుడు మన పద్ధతి. గల్ఫ్‌కు పోవడం తప్పు కాదు, ఈ ఊర్లో ఎన్ని కప్పులు ఆ డబ్బుతో లేచినవో నాకు తెలుసు, ఈ సొసైటీ గది కూడా అందులోదే. నికాహ్ తప్పనసలే కాదు. కానీ ఒక పేపరు తప్పినందుకు శిక్షగా ఆ రెండింటినీ వాడకండి.

ఆ తండ్రి ఈ సభలోనే ఎక్కడో ఉన్నాడు, పేరు చెప్పను. భాయీ, మీ బిడ్డకు ఇంకొక అవకాశం ఉన్నది, సప్లిమెంటరీ దగ్గరనే ఉన్నది. సంబంధం వారు మంచివారైతే ఆరు నెలలు ఆగుతారు.

వచ్చే ఆదివారం నుంచి జొహర్ నమాజు తర్వాత సొసైటీ గదిలో రెండు గంటలు కూర్చుంటాను. ఏ మతం పిల్లలైనా రావచ్చును, మాత్రికకు మతం లేదు. అమ్మాయిలకు ముందు వరుస, వారి తల్లులు వచ్చి కూర్చున్నా సంతోషమే. పాత ప్రశ్నపత్రాలు ఎవరి దగ్గర ఉంటే వారు తీసుకొని రండి. బ్లాక్‌బోర్డు ఉన్నది గానీ నలుపు పోయి తెల్లబడ్డది, యువకమిటీ వారు ఈ వారంలో రంగు వేయించాలి. చాక్‌పీసులు నేను తెస్తాను. మొదటి రోజు రెండు చిట్టీల లెక్కతోనే మొదలు పెడదాం.

వస్సలాం.